గరుకుతనం వల్లే ఘర్షణ? ఆ వాక్యాన్ని పాఠంలోంచి తీసెయ్యాలి

బడిలో ఘర్షణ పాఠం దగ్గర సాధారణంగా ఒక బొమ్మ వేస్తారు. రెండు తలాలు, రెండింటికీ రంపపు పళ్లలాంటి ఎగుడుదిగుళ్లు, ఆ పళ్లు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని ఉంటాయి. తలాల గరుకుతనం వల్ల ఘర్షణ పుడుతుందని కింద రాసి ఉంటుంది. తర్వాత విజయనగరంలో పాలిటెక్నిక్ చేసినా, శ్రీకాకుళంలో ఇంజనీరింగ్ చదివినా ఆ బొమ్మను ఎవరూ చెరపరు. దాని మీదే ఘర్షణ గుణకం (ఘర్షణ బలాన్ని బరువుతో భాగిస్తే వచ్చే అంకె), పట్టికలు, లెక్కలు పేర్చుకుంటూ పోతారు. పిల్లల కోసం సులువు చేసి చెప్పిన నిజం అయితే సర్దుకోవచ్చు. ఇది సులువు చేసిన నిజం కాదు, తప్పు. నానోమీటర్ల కొలతలో రాపిడిని నేరుగా కొలవడం మొదలై నాలుగు దశాబ్దాలు కావస్తున్నా ఇంకా అదే బొమ్మ వెయ్యడం అన్యాయం.

తప్పని తేలడానికి పరికరాలు కూడా అక్కర్లేదు, శక్తి లెక్క చాలు. గరుకు తలం మీద వస్తువు మిట్ట ఎక్కాలంటే పని చెయ్యాలి, సరే. ఎక్కింది దిగాలి కదా. దిగేటప్పుడు ఆ పని తిరిగి వచ్చేస్తుంది. ఎక్కుడూ దిగుడూ సరిపోతే సగటు నష్టం సున్నా. జాన్ లెస్లీ అనే స్కాట్లాండు శాస్త్రవేత్త 1804లోనే ఈ అభ్యంతరం లేవదీశాడు. అరచేతులు రుద్దుకుంటే వేడెక్కుతున్నాయంటే, పెట్టిన శక్తి తిరిగి రాకుండా ఎక్కడో ఇంకిపోతోందన్నమాట. ఎక్కడ ఇంకుతోందన్నదే అసలు ప్రశ్న. రంపపు పళ్ల బొమ్మలో దానికి చోటే లేదు.

ఇక రెండో సాక్ష్యం. గరుకుతనమే కారణమైతే నునుపు చేసేకొద్దీ రాపిడి తగ్గుతూ పోవాలి. వర్క్‌షాపులో స్లిప్ గేజ్‌లు (కొలతలు సరిచూసే అతి నునుపైన లోహపు బిళ్లలు) పట్టుకున్నవాళ్లు దీనికి ఒప్పుకోరు. వాటి ముఖాల మీద ఎగుడుదిగుళ్లు పదుల నానోమీటర్లకు మించవు. శుభ్రంగా తుడిచి, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టి నొక్కుతూ తిప్పితే అతుక్కుపోతాయి. ఊడదీయాలంటే పైకి లాగి లాభం లేదు, పక్కకు జరపాలి. హార్డ్ డిస్కుల వాళ్లకూ ఇదే గతి పట్టింది. డిస్కును నునుపు చేసేకొద్దీ, ఆగి ఉన్నప్పుడు హెడ్డు (డిస్కు మీది సమాచారం చదివే ముక్క) దానికి అతుక్కుపోయి మోటారు తిప్పలేక మొరాయించేది. చివరికి 1990లలో హెడ్డు దిగే చోట లేజరుతో కావాలని చిన్న చిన్న బుడిపెలు లేపారు. రాపిడి తగ్గించడానికి గరుకు చేశారు!

గరుకుతనానికి పాత్రే లేదనడం లేదు. గరుకు కాగితం చెక్కను గీస్తుంది, గట్టి మొన మెత్తటి లోహాన్ని దున్నుతుంది, ఆ దున్నుడుకు శక్తి పోతుంది. కానీ అది అరుగుదల కథ. ఏమీ అరగకుండా జారే చోట కూడా రాపిడి ఉంటుంది, దానికి వేరే కారణం చెప్పాలి.

పాత సూత్రాలను మాత్రం తీసిపారెయ్యక్కర్లేదు. ఘర్షణ బలం బరువుకు అనుపాతంలో ఉంటుందనీ, తాకే వైశాల్యంతో పని లేదనీ 1699లో ఫ్రెంచి శాస్త్రవేత్త అమోంతోన్ చెప్పాడు. వేగంతో కూడా పెద్దగా పని లేదని 1785లో కూలుంబ్ చేర్చాడు. ఇవి ఎందుకు పనిచేస్తాయో బౌడెన్, టేబర్ అనే ఇద్దరు 20వ శతాబ్దం మధ్యలో వివరించారు. కిలో బరువున్న ఉక్కు దిమ్మను ఉక్కు బల్ల మీద పెట్టామనుకోండి. దిమ్మ అడుగు వెయ్యి చదరపు మిల్లీమీటర్లు. కానీ తాకేది మిట్టల కొనలు మాత్రమే. ఆ కొనలు బరువుకు నలుగుతూ, ఇక నలగక్కర్లేనంత వైశాల్యం వచ్చేదాకా వెడల్పవుతాయి. ఉక్కు కాఠిన్యం రెండు గిగాపాస్కల్, అంటే చదరపు మిల్లీమీటరుకు రెండు వేల న్యూటన్లు అనుకుంటే, పది న్యూటన్ల బరువుకు కావలసింది 0.005 చదరపు మిల్లీమీటర్లు. అంటే కంటికి కనిపించే వైశాల్యంలో రెండు లక్షల వంతు. దిమ్మను పడుకోబెట్టినా నిలబెట్టినా ఈ అసలు వైశాల్యం మారదు. బరువు రెట్టింపైతే ఇదీ రెట్టింపవుతుంది. రాపిడి నిజానికి వైశాల్యం మీదే ఆధారపడుతుంది, ఆ వైశాల్యమే బరువు మీద ఆధారపడుతుంది. పైకి మాత్రం బరువు సూత్రంలా కనబడుతుంది.

మరి ఆ కొనల్లో ఒక్కదాన్నే పట్టుకుని చూస్తే? 1986లో బినిగ్, క్వేట్, గెర్బర్ ఆటమిక్ ఫోర్స్ మైక్రోస్కోపును తయారు చేశారు. మరుసటి ఏడాదే మేట్, మెక్లెలండ్ బృందం టంగ్‌స్టన్ మొనను గ్రాఫైటు మీద లాగి, పక్కకు పట్టే బలం పరమాణువుల వరస దూరంతోనే పెరిగి తరుగుతోందని చూపించింది.

పరికరం పని తీరు ఇది. సిలికాన్‌తో చేసిన సన్నని పట్టీ, పొడవు సుమారు 450 మైక్రోమీటర్లు, మందం రెండు. దాని కొసన పది నానోమీటర్ల వ్యాసార్ధపు మొన. పట్టీ కిందకీ పైకీ వంగితే నిలువు బలం, పక్కకు మెలి తిరిగితే ఘర్షణ బలం. పట్టీ వీపు మీద పడిన లేజరు నాలుగు గడుల డిటెక్టరు మీదకు పరావర్తనం చెందుతుంది. పై గడులకూ కింది గడులకూ తేడా వంపునిస్తుంది, కుడి ఎడమల తేడా మెలినిస్తుంది. స్కాన్ దిశ పట్టీ పొడవుకు అడ్డంగా, సరిగ్గా 90 డిగ్రీల్లో ఉండాలి. ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి లాగితే రెండు గీతల మధ్య ఒక చుట్టు వస్తుంది. ఆ చుట్టు వెడల్పులో సగం ఘర్షణ బలం, చుట్టు లోపలి వైశాల్యం ఒక్కో రాకపోకకు ఖర్చయిన శక్తి. ఒక్క దిశ గీతను మాత్రమే చూసి ఘర్షణ చిత్రం అని వేసేవాళ్లను నమ్మకండి. తలం వాలు కూడా అందులో కలిసిపోయి ఉంటుంది.

చెడగొట్టేవి చాలా ఉన్నాయి. లేజరు చుక్క పట్టీ మధ్య గీత నుంచి పక్కకు జరిగితే వంపు సంకేతం మెలిలోకి కారుతుంది. దీన్ని పట్టుకోవడం తేలికే: స్కాన్ ఆపి, గట్టి తలం మీద మొనను నిలువుగా నొక్కి వదలండి. కుడి ఎడమల సంకేతం కదలకుండా ఉండాలి. కదిలిందంటే ముందు చుక్కను సరిచెయ్యాలి. రెండోది, డిటెక్టరు ఇచ్చేది వోల్టులే. వాటిని నానోన్యూటన్లు చెయ్యాలంటే వాలు కచ్చితంగా తెలిసిన గాళ్ల మీద లాగి లెక్క కట్టాలి. 1996లో ఓగిల్ట్రీ, కార్పిక్, సాల్మెరాన్ చెప్పిన పద్ధతి అది. ఈ పని చెయ్యకుండా ఒక పదార్థంలో రాపిడి ఇంకోదాని కన్నా ఎక్కువ అని చెప్పొచ్చు, ఎంత అని చెప్పకూడదు. మూడోది మొన అరుగుదల. ప్రయోగానికి ముందూ తర్వాతా మొనను తలం నుంచి ఊడదీయడానికి పట్టే బలం కొలవాలి. మొదట్లో 18 నానోన్యూటన్లున్నది చివర్లో 40 అయితే మొన మొద్దుబారిందనో, దాని మీద మురికి చేరిందనో అనుమానించి ఆ కొలతలు పక్కన పడేయాల్సిందే. నమూనా సిద్ధం చెయ్యడం మాత్రం హాయి. అభ్రకానికైనా గ్రాఫైటుకైనా అంటుకునే టేపు వేసి ఒక పొర లాగేస్తే కొత్త తలం బయటపడుతుంది. దాన్ని వెంటనే వాడాలి, గంటల తరబడి గాల్లో వదిలితే మురికి పొర కట్టేస్తుంది.

ఇక్కడే ఘర్షణ గుణకం పరువు పోతుంది. ఒక లెక్క చూడండి. మొన వ్యాసార్ధం 20 నానోమీటర్లు, గాలిలో తేమ ఉంది. మొనకూ తలానికీ మధ్య నీటి బొట్టు కేశనాళికలోలా పట్టుకుంటుంది. నీటి తలతన్యత మీటరుకు 0.072 న్యూటన్లు కాబట్టి, తలాలు రెండూ బాగా తడిసేవైతే ఆ బొట్టు లాగే బలం సుమారు 18 నానోన్యూటన్లు. మనం పైనుంచి పెట్టే బరువు కాక ఇది అదనం. మొత్తం బలంలో పదో వంతు ఘర్షణగా వస్తోందనుకుందాం. మనం 50 నానోన్యూటన్లు పెడితే ఘర్షణ 6.8, భాగిస్తే గుణకం 0.136. ఐదు పెడితే ఘర్షణ 2.3, గుణకం 0.46. ఏమీ పెట్టకపోతే ఘర్షణ 1.8, గుణకం అనంతం! మొన అదే, తలం అదే, గది అదే. అందుకే ఇక్కడ ఒక్క బరువు దగ్గర భాగించి గుణకం చెప్పడం పనికిరాదు. కనీసం ఐదారు బరువుల దగ్గర కొలిచి గీత గీసి, వాలు ఎంతో, అంతరఖండం (బరువు సున్నా దగ్గర గీత చూపే ఘర్షణ) ఎంతో విడివిడిగా చెప్పాలి. అప్పుడు కూడా అది సరళరేఖే కావాలని లేదు. ఒక్కటే గుండ్రటి మొన నలగకుండా వంగి తాకితే వైశాల్యం బరువుకు మూడింట రెండో ఘాతంలో పెరుగుతుందని 1882లోనే హెర్ట్జ్ లెక్క కట్టాడు.

శక్తి ఎక్కడ ఇంకుతోందన్న ప్రశ్నకు ఇప్పుడు రావచ్చు. 1928లో ప్రాండ్ట్ల్, 1929లో టామ్లిన్సన్ దీనికి చాలా సాదా నమూనా ఇచ్చారు. ఒక స్ప్రింగు, దాని కొసన మొన, కింద స్ఫటికం పరమాణువుల వల్ల ఏర్పడిన శక్తి గుంటల వరస. స్ప్రింగును లాగుతుంటే మొన గుంటలోనే ఉండిపోతుంది, స్ప్రింగు సాగుతుంది. ఒక హద్దు దాటగానే మొన ఒక్కసారిగా పక్క గుంటలోకి దూకుతుంది. లెస్లీ లెక్కలో దిగుడు మెల్లగా జరిగి పని తిరిగొచ్చింది. ఇక్కడ దిగుడు దూకుడు. స్ప్రింగులో దాచిన శక్తి ఆ దూకుడులో పరమాణువుల కంపనాలుగా, అంటే వేడిగా చెదిరిపోతుంది, ఎవరికీ తిరిగి రాదు. ఘర్షణంటే ఆ దూకుడే.

దూకుడు తప్పనిసరి కాదని కూడా ఈ నమూనాయే చెబుతుంది. గుంట లోతును స్ప్రింగు బలంతో పోల్చాలి. గ్రాఫైటు వరస దూరం సుమారు 0.25 నానోమీటర్లు, స్ప్రింగు బిగువు మీటరుకు ఒక న్యూటన్ అనుకుంటే, గుంట లోతు 0.02 ఎలక్ట్రాన్ వోల్టుల (పరమాణువుల స్థాయిలో శక్తి కొలమానం) దగ్గర హద్దు వస్తుంది. అంతకన్నా లోతైతే దూకుడు, తక్కువైతే మొన దూకకుండా జారుతుంది, రాపిడి దాదాపు మాయం. 2004లో స్విట్జర్లాండులోని బాజెల్‌లో సోకోలియుక్, మైయర్ బృందం ఉప్పు స్ఫటికం మీద బరువు తగ్గిస్తూ పోయి ఈ మార్పును కళ్లకు కట్టించింది. 0.02 అన్నది గది ఉష్ణోగ్రత దగ్గర పరమాణువుల ఉష్ణశక్తికి దగ్గరి అంకె అని గమనించండి. అందుకే వేడి కూడా ఇందులో చేయి పెడుతుంది. మెల్లగా లాగితే వేడి కదలికలు మొనను హద్దుకు ముందే పక్క గుంటలోకి నెడతాయి. వేగం పెంచితే ఆ సాయం తగ్గి, రాపిడి వేగపు లాగరిథమ్‌తో మెల్లగా పెరుగుతుంది. కూలుంబ్ వేగంతో పని లేదన్నది ఈ పెరుగుదల కంటికి ఆననంత నెమ్మదిది కావడం వల్లే.

ఒక హెచ్చరిక. మైక్రోస్కోపు గీతల్లో కనబడే అచ్చును పట్టుకుని పరమాణువుల ఫొటో తీశామంటారు కొందరు. మొన కింద ఒకేసారి పదుల వందల పరమాణువులు తాకుతుంటాయి. కనిపించేది వరస దూరం మాత్రమే. ఒక్క పరమాణువు లోపిస్తే ఆ లోటు చిత్రంలో కనబడదు.

పదుల వందలు తాకుతున్నాయంటే ఇంకో సంగతి ఉంది. రెండు స్ఫటికాల వరసలు సరిపోలితే అన్నీ ఒకేసారి గుంటల్లో పడతాయి. సరిపోలకపోతే ఒకటి ఎక్కుతుంటే ఇంకోటి దిగుతుంటుంది, బలాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 1990లో హిరానో, షింజో దీన్ని లెక్కతో చెప్పారు. 2004లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో డీన్‌వీబెల్, ఫ్రెన్‌కెన్ బృందం గ్రాఫైటు మీద చిన్న గ్రాఫైటు రేకును తిప్పుతూ కొలిచింది. 0 డిగ్రీల దగ్గరా 60 డిగ్రీల దగ్గరా రాపిడి ఎగసింది, మధ్య కోణాల్లో దాదాపు కొలవలేనంతకు పడిపోయింది. పదార్థం ఒకటే, నునుపు ఒకటే, బరువు ఒకటే. మారింది కోణం. గరుకుతనం వాక్యం దీన్ని ఎలా వివరిస్తుంది?

అలాగైతే లోకంలో ఏ రెండు తలాల వరసలూ సరిపోలవు కాబట్టి అన్నీ రాపిడి లేకుండా జారాలి కదా అని అడగాలి. అడిగారు కూడా. 1999లో హె, మ్యూజర్, రాబిన్స్ ఇచ్చిన జవాబు: మధ్యలో మురికి. గాలిలోంచి వచ్చి అంటుకునే నీరు, హైడ్రోకార్బన్ అణువులు గట్టిగా బిగిసి ఉండవు, జరగగలవు. పై తలానికీ కింది తలానికీ ఒకేసారి సరిపడే చోటు చూసుకుని అక్కడ చేరి రెండింటినీ బిగిస్తాయి. రోజూ మనం చూసే స్థైతిక ఘర్షణలో (కదలని వస్తువును కదపాలంటే దాటాల్సిన ఘర్షణ) పెద్ద వాటా ఈ మూడో మనిషిదే. రాపిడి లేని యంత్రాలు వచ్చేస్తున్నాయనే వార్తలను ఇందుకే కాస్త ఆగి చదవాలి. ప్రయోగంలో రేకు నానోమీటర్లు, వేగం సెకనుకు మైక్రోమీటర్లు. బేరింగులో వేగం సెకనుకు మీటర్లు, తలం నిండా అంచులు, లోపాలు, దుమ్ము.

గ్రాఫైటు మాటెత్తాక మన నేల సంగతి చెప్పకుండా ఉండలేను. తూర్పు కనుమల ఖొండలైటు రాళ్లలో గార్నెట్, సిల్లిమనైట్‌లతో పాటు గ్రాఫైటు రేకులు మామూలే. తాళం బిగుసుకుంటే పెన్సిల్ ముక్కు గీకి ఆ పొడి వెయ్యడం అందరికీ తెలిసిన చిట్కా. పొరలు పొరలుగా ఉండటం వల్లే అది జారుతుందనే వివరణ మాత్రం సగమే. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు బాగా ఎత్తుకు ఎగిరితే జనరేటర్ల కార్బన్ బ్రష్షులు చూస్తుండగానే పొడైపోయేవి. అక్కడి గాలిలో తేమ లేకపోవడమే కారణం. నీటి ఆవిరి లేకపోతే గ్రాఫైటు జారదు, అరుగుతుందని 1948లో సావేజ్ ప్రయోగాలతో చూపించాడు. రేకుల అంచుల్లో తెగిన బంధాలను నీటి అణువులు కప్పితేనే అవి ఒకదాన్నొకటి పట్టుకోకుండా ఉంటాయి. గ్రాఫైటులాగే పొరలుండే మరో కందెన మాలిబ్డినం డైసల్ఫైడు దీనికి సరిగ్గా వ్యతిరేకం. శూన్యంలో అద్భుతం, తేమ గాలిలో చెడుతుంది. కాబట్టి కళింగపట్నం, బారువ లాంటి సముద్రతీరపు చోట ఇంటి తాళానికి పొడి వెయ్యాలంటే గ్రాఫైటే మేలు. కానీ ఉప్పునీరు నేరుగా తగిలే చోట, పడవ మీది అల్యూమినియం భాగాల దగ్గర గ్రాఫైటు వద్దు. అది లోహంతో కలిసి బ్యాటరీలా పనిచేసి లోహాన్ని తినేస్తుంది. అక్కడ నీటికి కరగని గ్రీజే సరైనది.

తేమ పెరిగేకొద్దీ పైన చెప్పిన నీటి బొట్టు కూడా పెరుగుతుంది. కెల్విన్ సమీకరణం ప్రకారం 50 శాతం తేమ దగ్గర దాని వంపు వ్యాసార్ధం నానోమీటరులో ముప్పాతిక, 90 శాతం దగ్గర సుమారు ఐదు నానోమీటర్లు. వానాకాలంలో మన తీరం గాలిలో ఏసీ, తేమ నియంత్రణ లేకుండా ఈ కొలతలు తీస్తే, తలాన్ని కాదు నీటిని కొలుస్తున్నట్టు.

మైక్రోస్కోపు లేని కళాశాల ఏం చెయ్యాలి? చెయ్యగలిగేది ఒకటుంది, దానికి పొందూరు నూలు చాలు. దూదిని వాలుగ చేప దవడ పళ్లతో ఏకి సన్నని నూలు తీసే ఊరు. పత్తి పోగు మందం పది ఇరవై మైక్రోమీటర్లు. అది తాకే చోట్లు తక్కువ, పైగా నలగకుండా వంగే రకం. అందుకే పోగుల మధ్య ఘర్షణ బరువుకు అనుపాతంలో ఉండదు, బరువుకు ఒకటి కన్నా తక్కువ ఘాతంలో, మూడింట రెండుకూ ఒకటికీ మధ్య, పెరుగుతుందని వస్త్ర శాస్త్రజ్ఞులు 1950లలోనే గుర్తించారు. అమోంతోన్ సూత్రం తప్పే చోటు మన రాట్నం మీదే ఉంది.

ప్రయోగం ఇలా. పది మిల్లీమీటర్ల నునుపైన ఉక్కు కడ్డీని అడ్డంగా బిగించండి, స్పిరిట్‌తో తుడవండి. నూలును దాని మీదుగా సగం చుట్టు వేసి రెండు వైపులా తేలికపాటి కాగితపు కప్పులు కట్టండి. కప్పు బరువు కూడా లెక్కలోకి వస్తుంది. ఒక కప్పులో మొత్తం 50 గ్రాములు ఉంచి, రెండో కప్పులో సిరంజితో నీళ్లు మెల్లగా పోస్తూ నూలు జారే క్షణం పట్టుకోండి. మిల్లీలీటరు ఒక గ్రాము. రెండు బరువుల నిష్పత్తికి సహజ లాగరిథమ్ తీసి 3.14తో భాగిస్తే గుణకం. ఉదాహరణకు 50కి సుమారు 110 గ్రాములు పడితే గుణకం 0.25. ఇదే 5 గ్రాములతో మళ్లీ చెయ్యండి. సూత్రం నిజమైతే 11 గ్రాములకే జారాలి. ఘాతం 0.8 అయితే మాత్రం 17 దాకా ఆగుతుంది. ఆ తర్వాత కడ్డీ మార్చండి, మూడు మిల్లీమీటర్లదీ ముప్ఫై మిల్లీమీటర్లదీ. కడ్డీ వ్యాసంతో పని లేదని పాఠ్యపుస్తకం అంటుంది. ఘాతం ఒకటి కన్నా తక్కువైతే లావు కడ్డీ మీద గుణకం ఎక్కువ రావాలి, పదిరెట్ల వ్యాసానికి సుమారు ఒకటిన్నర రెట్లు.

తేడా వస్తే ముందు అనుమానించాల్సింది వేళ్లను. చేతి జిడ్డు తగిలిన నూలు పనికిరాదు, చిమటాతో పట్టుకోండి. ఫ్యాను ఆపాలి. రెండు కడ్డీల మెరుగు ఒకేలా లేకపోతే వ్యాసం ప్రయోగం అర్థం లేనిది, అందుకే ఒకే చోట కొన్న ఒకే రకం ఉక్కు వాడాలి. నీటి చుక్క నూలు మీద పడితే ఆ ముక్క పారేసి కొత్తది వెయ్యాలి. జారిన ప్రతిసారీ నూలు మీది సహజ మైనం కాస్త ఊడి కడ్డీకి అంటుకుంటుంది కాబట్టి, ప్రతి కొలతకూ కొత్త నూలు, మళ్లీ స్పిరిట్.